రెండు మూపురాలు

మొదట జరిగిందల్లా నీలం స్కెచ్ పెన్ను ఎండిపోవడమే. తెల్లారేసరికి అది ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చి కూర్చుంది.

పిల్లల దగ్గుమందు సీసాల్లో నింపే ఆ ఫ్యాక్టరీలో తనిఖీ గది ఆమెది. గోడనిండా ఏవో గీతలు అతికిస్తూ ఉంటుంది కాబట్టి అందరూ ఆమెను చార్టమ్మ అంటారు. ఒక ఆసుపత్రి తొమ్మిది పెట్టెల మందు వెనక్కి పంపింది. మూతల దగ్గర కారి, సీసాలు పెట్టెలకే అతుక్కుపోయి ఉన్నాయి. మందు బయటికి రాగలిగిందంటే గాలి లోపలికి పోగలదు. అలాంటి మందు ఏ పసివాడి గొంతులో పడుతుందోనని ఫ్యాక్టరీ నడిపే పెద్దసారుకు నిద్ర కరువైంది. నెలాఖరు రోజున, అంటే నిన్న, "ఏ మిషను నుంచి ఎన్ని కారాయో గీసి తెచ్చిపెట్టు. దూరం నుంచి చూసినా కనపడాలి" అన్నాడు. ఆయనకు నిలువు కడ్డీలంటే మోజు. ఆమె నాలుగు మిషన్లకు నాలుగు కడ్డీలు గీసింది. పద్నాలుగు, పదకొండు, అరవై ఒకటి, తొమ్మిది. మూడింటికి నీలం పూసేసరికి పెన్ను ఎండిపోయింది. మిగిలిన దానికి చేతికందిన ఎర్రపెన్నుతో రంగేసింది. అది మూడో మిషనుది. అసలే మిగతా వాటి నెత్తిన ఎక్కి తొక్కుతున్నంత ఎత్తు, పైగా ఎరుపు.

పెద్దసారు ఆ ఎర్రకడ్డీ మీద వేలుపెట్టి, "దీని కింద చెయ్యి ఎవరిది?" అన్నాడు.

ఆ చెయ్యి ఆమె బావది. సొంత అక్క మొగుడు. తండ్రి పోయాక, పదకొండేళ్ళ వయసులో అక్క కొంగు పట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టిన పిల్లను చదివించింది ఆయనే. ఈ తనిఖీ గదిలో కుర్చీ వేయించిందీ ఆయనే. ఇరవై రెండేళ్ళుగా మూతలు బిగించే మూడో మిషను మీద ఉన్నాడు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆఫీసు గదిలో, "నా అజాగ్రత్త వల్లనే" అని మొదలయ్యే కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోవాలి.

ఇప్పుడు ఒంటిగంటన్నర.

ఫోను మోగింది. అక్క.

"ఏమే, మీ బావ పొద్దున ఏమీ ముట్టుకోకుండా వెళ్ళారు. అడిగితే కడుపులో బాగాలేదంటారు. కడుపు బాగాలేని మనిషి ఇస్త్రీ చొక్కా ఎందుకేసుకున్నట్టు?"

"ఏమోనక్కా, మీటింగేదో ఉంది."

"నాకు చెప్పకే కబుర్లు. ఎదురింటావిడ మొగుడు కూడా అక్కడేగా పనిచేసేది, ఆవిడ చెప్పింది. ఆయన చెయ్యి మంచిది కాదని ఎవరో బొమ్మ గీసి గోడకు పెట్టారటగా."

 ఆ ఎవరో తన చెల్లెలేనని అక్కకు తెలిసినట్టు లేదు. తెలిసే అడుగుతోందా? 

"ఇరవై రెండేళ్ళు బాగున్న చెయ్యి ఎప్పట్నుంచి పాడైందటే?" అంది అక్క. "మొన్నమొన్నటి దాకా బాగానే ఉందిగా. ఏ రోజు నుంచి పాడైందో కూడా రాశారా ఆ బొమ్మలో?"

"మళ్ళీ చేస్తానక్కా" అని ఫోను పెట్టేసింది.

ఎప్పట్నుంచి? ఆ మాట చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది. గోడ మీద కడ్డీలు చూసింది. ఎవరి దగ్గర ఎన్ని కారాయో చెబుతున్నాయవి. ఎప్పుడు కారాయో అడిగితే నాలుగూ నోరు మెదపవు. నెలరోజుల్ని కలిపి రుబ్బి కడ్డీలుగా నిలబెట్టింది తానే. నేర్పిన వాళ్ళు మొదటి రోజే చెప్పారు, అడగాల్సిన ప్రశ్న రాసుకున్నాకే కాగితం మీద గీత పెట్టమని. తాను మాత్రం సారుకు నచ్చే బొమ్మ ముందు గీసింది. ప్రశ్న ఏమిటో ఆనక ఆయనే వేసుకున్నాడు. "దీని కింద చెయ్యి ఎవరిది?"

బీరువా తెరిచి రోజువారీ షీట్లు బయటికి లాగింది. ఫ్యాక్టరీలో పడక పరీక్ష అని ఒకటుంది. రోజూ ఒక్కో మిషను నుంచి రెండు వందల సీసాలు తెచ్చి, పీల్చే కాగితం మీద గంటసేపు పడుకోబెడతారు. కింద తడి మచ్చ పడితే ఆ మూత కారినట్టు. ముప్ఫై రోజులకు ముప్ఫై షీట్లు. కొత్త గ్రాఫు కాగితం తీసి, అడుగున తేదీలు వేసి, మూడో మిషనుకు రోజుకొక చుక్క పెట్టుకుంటూ పోయింది. ఒకటో తేదీ సున్నా. రెండు, సున్నా. మూడు, ఒకటి.  చుక్క పక్కకు జారితే చెరిపి మళ్ళీ పెట్టింది.

ఇరవయ్యో తేదీ దాకా గీత నేలబారుగా పాకింది. ఇరవై రోజుల్లో కలిపి ఎనిమిది కారాయి. తక్కిన మిషన్లకూ ఇంచుమించు అంతే. ఇరవై ఒకటో తేదీన మాత్రం ఎవరో చెయ్యి పట్టి పైకి లాగినట్టు ఒక్కసారిగా అయిదుకు లేచింది. ఆ మర్నాడు ఆరు. ఆ పైన నాలుగు. నెలాఖరు దాకా ఆ ఎత్తునే ఉండిపోయింది. పది రోజుల్లో యాభై మూడు.

చెయ్యి పాడైతే ఇలా ఒక్కరోజులో పాడవుతుందా? కాస్త కాస్తగా పోవాలి గదా. ఇది చేతి వాటం కాదు. ఆ రోజు ఏదో మారింది.

పరుగులాంటి నడకతో మిషన్ల హాలులోకి వెళ్ళింది. బావ తన మిషను దగ్గర, అదేదో ఎగ్జిబిషనులో పెట్టిన వస్తువైనట్టు పాతగుడ్డతో తుడుస్తున్నాడు. తలెత్తి, "ఏమే చార్టమ్మా, ఇంకో కడ్డీ మొలిచిందా?" అని నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. ఆమె అక్కడ ఆగలేదు. మిషన్ల కింద దూరి ఉన్న మెకానిక్కును వెతికి పట్టుకుంది. ఎప్పుడూ చేతిలో నూనెడబ్బాతో ఉంటాడని ఆయనకదే పేరు.

"బాబాయ్, ఇరవై ఒకటిన మూడో మిషనుకు ఏదైనా మార్చావా? స్ప్రింగు గానీ, బెల్టు గానీ?"

"నేను ఆ మిషన్ని ముట్టుకోవాలంటే మీ బావకు ముందు దరఖాస్తు పెట్టుకోవాలి తల్లీ" అన్నాడు నూనెడబ్బా. "ఏం మార్చలేదు. మూతలు మాత్రం మారాయి."

"మూతలా?"

"కొత్త రకం వచ్చాయి కదమ్మా. స్టోరు తలుపు పక్కనే ఉంటుందని ముందు మూడో నంబరుకే పోశారు. మిగతా వాటికి పాతవే."

కొత్త మూతలన్న మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఎందుకో ఇంకా తెలియలేదు. 

"ఆ తొట్టిలోంచి ఒక డబ్బాడు తెచ్చిపెట్టు బాబాయ్. బావకు చెప్పకు."

నూనెడబ్బా ఎగాదిగా చూశాడు గానీ అడగలేదు. పది నిమిషాల్లో యాభై మూతలు తనిఖీ గది బల్ల మీద పోశాడు. మూత లోపల మెత్తటి బిళ్ళ ఉంటుంది. సీసా మూతిని అదిమి పట్టేది అదే. దాని మందం రెండు మిల్లీమీటర్లుండాలి. ఆమె గేజి తీసి ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టింది. రాసుకునే ఓపిక కూడా లేక, ఒకే మందం ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చుకుంటూ పోయింది. పల్చనివి ఎడమవైపు, మందమైనవి కుడివైపు.

గోడ గడియారం రెండున్నర దాటింది. మూడు కావస్తోంది. పదిహేనో మూత, ఇరవయ్యో మూత. దొంతరలు పెరుగుతున్నాయి. ముప్ఫయ్యో మూత దగ్గర నూనెడబ్బా వంగి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఇదేం ఎద్దమ్మా?" అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఎద్దుకు ఒక మూపురం ఉంటుంది. ఇదేంటి, దీనికి రెండు మొలిచాయి?"

ఆమె కాస్త వెనక్కి జరిగి చూసింది. ఒకే అచ్చులో పోసిన మూతలైతే దొంతరలు నడుమ ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా, ఒక్క గుట్టలా నిలబడాలి. ఇక్కడ రెండు గుట్టలున్నాయి. ఒకటీ పాయింటు ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, రెండూ పాయింటు నాలుగు దగ్గర ఇంకొకటి. సరిగ్గా నడుమ, రెండు మిల్లీమీటర్లవి ఉండాల్సిన చోట, ఒక్క మూత కూడా లేదు. బల్ల చెక్క కనబడుతోంది.

"రెండు చోట్ల చేసినవి కలిపేశారు" అంది, తనలో తను అనుకున్నట్టుగా. "పల్చనివాటిని బావ చెయ్యి కాదు గదా, దేవుడు బిగించినా కొన్ని కారక మానవు."

"మరింకేం! వెళ్ళి ఆ మాటే చెప్పు. మీ బావ బతికిపోయాడు" అంటూ నూనెడబ్బా చేతులు దులుపుకున్నాడు. "అవునూ, ఇంత కంటికి కనపడేలా ఉంటే లోపలికి ఎవడు రానిచ్చాడమ్మా వీటిని? కొత్త మూతలు ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి కదా?"

ఆమె చేతిలో గేజి బల్ల మీద పెట్టేసింది.

ఇరవయ్యో తేదీ సాయంత్రం. బస్సు వెళ్ళిపోతుందన్న తొందర. కొత్త మూతలు పది తెచ్చి బల్ల మీద పెట్టారు. కొలిచింది. కొన్ని తక్కువ, కొన్ని ఎక్కువ. అన్నీ కూడి పదితో భాగిస్తే సరిగ్గా రెండు వచ్చింది. ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయింది కూడా. "సగటు బాగుంది" అని రాసింది. కొత్త రకం గదా, ముందు ఒక్క బస్తా వాడి చూడమని రాసి సంతకం పెట్టింది. రెండు మూపురాల నడుమ పల్లాన్ని కొలిచి, ఎద్దు ఆరోగ్యంగా ఉందని రాసిచ్చింది.

"ఏమైందమ్మా? మొహం అలా పాలిపోయిందేంటి?"

"సంతకం నాదే బాబాయ్."

 నూనెడబ్బా తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "నేను చెవిటివాణ్ణి తల్లీ. ఏ మాటా వినలేదు. నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

బల్ల మీద కాగితం ఉంది, మూతలున్నాయి. గీత చూపిస్తే బావ బయటపడతాడు. మూతలు చూపిస్తే తాను లోపలికి పోతుంది. గీత చూపించి మూతలు దాచేస్తే? ఏదో మారింది సార్, ఏమిటో తెలియదు అంటే? ఆ మాట నోట్లో మెదిపి చూసుకుంది. ఎంత బాగా అతికిందో చూసి తనకే భయమేసింది. అవతల తొట్టిలో ఆ మూతలే గలగలా దొర్లుతూ సీసాల మీదికి ఎక్కుతున్నాయి. ఆమె ఆలోచిస్తున్నంతసేపట్లో ఎన్ని సీసాలు వెళ్ళిపోయాయో.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా గ్రాఫు కాగితం చుట్టి చంకన పెట్టుకుంది. మూతలు ఒక పళ్ళెంలో పోసుకుంది.

ఆఫీసు గదిలో పెద్దసారు, ఆయన ఎదురుగా బావ. బల్ల మీద కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. బావ ఇస్త్రీ చొక్కాలో పెళ్ళిచూపులకు వచ్చిన వాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

"నిన్ను పిలవలేదే?" అన్నాడు పెద్దసారు.

"ఆ కడ్డీలు గీసింది నేనే సార్. తప్పు బొమ్మ గీశాను."

"లెక్క తప్పా?"

"లెక్క ఒప్పే. బొమ్మే తప్పు." గ్రాఫు విప్పి బల్ల మీద పరిచింది. అంచులు చుట్టుకుపోతుంటే ఒక చేత్తో అదిమి పట్టుకుంది. "మూడో మిషనుది రోజువారీ లెక్క ఇది."

పెద్దసారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇదేంటి, ఆసుపత్రిలో మంచానికి తగిలించే జ్వరం చీటీలా ఉంది?"

"జ్వరమే సార్. ఏ రోజు వచ్చిందో తెలిస్తేనే గదా ఆ రోజు ఏం తిన్నాడో అడిగేది. కడ్డీ చూస్తే ఎవరికి జ్వరముందో తెలుస్తుందంతే."

ఆయన వేలు నేలబారు గీత వెంట నడిచి, ఇరవై ఒకటి దగ్గర ఆగింది. "ఆ రోజేం తిన్నాడు?"

"కొత్త మూతలు."

బావ చటుక్కున తలెత్తాడు. పళ్ళెంలో మూతలు చూశాడు, ఆమె మొహం చూశాడు. మరుక్షణం పెన్ను అందుకున్నాడు.

"ఎందుకు సార్ ఇదంతా? చిన్నపిల్ల, నా మీద ప్రేమకొద్దీ ఏదో చెబుతోంది. నా చెయ్యే మునుపటిలా లేదు. ఎక్కడ పెట్టాలి సంతకం?"

"బావా, ఆగు."

"నువ్వూరుకో."

"బావా, పెన్ను కింద పెట్టు!"

ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ అరిచి ఉండరు. పెద్దసారు కుర్చీ వెనక్కి జరిగింది.  ఆమె పళ్ళెం ముందుకు తోసింది.

"ఇవి రెండు చోట్ల చేసిన మూతలు సార్, కలిసిపోయాయి. సగం పల్చన, సగం మందం. సరైనది ఒక్కటీ లేదు. ఇరవయ్యో తేదీ సాయంత్రం వీటిలో పది కొలిచి, సగటు చూసి బాగున్నాయని రాశాను. విడివిడిగా పేర్చి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. ఆ సంతకం నాది. ఇందులో బావ చెయ్యి లేదు. ముందు మిషను ఆపించండి సార్, తర్వాత నన్ను ఏం చేసినా సరే."

పెద్దసారు ఆమె వైపు ఒక్క క్షణం చూసి ఫోను తీశాడు. "మూడో నంబరు ఆపండి. ఇప్పుడే. నెలాఖరు సరుకు గేటు దాటనివ్వకండి." పెట్టేశాడు. గోడ అవతల నుంచి రోజంతా వినపడే గరగర ఆగిపోయింది. అది ఆగాక గానీ అంత పెద్దదని తెలియలేదు.

ఆమె ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నుంచి అదే మొదటిసారి అనిపించింది. అంతా చెప్పేసింది. ఇక ఏమన్నా కానీ.

పెద్దసారు గ్రాఫును తనవైపు తిప్పుకుని ఇంకా చూస్తూనే ఉన్నాడు. కడ్డీలంటే మోజుపడే మనిషి, గీతను వదలడం లేదు.

"ఎన్ని బస్తాలకు ఒప్పుకున్నావు?"

"ఒక్కటే సార్. వాడి చూడమని."

"ఒక బస్తా ఎన్నాళ్ళొస్తుంది?"

"ఒకరోజు."

"మరి ఈ జ్వరం మర్నాటికి దిగాలిగా? పది రోజులు ఎందుకుంది?"

ఆమె గీత మీదికి వంగింది.  మధ్యాహ్నం నుంచి చూస్తున్న గీత అది. లేచిన చోటే చూసింది. దిగని సంగతి చూడనే లేదు. తన తప్పు కనబడేసరికి కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పెద్దసారు మళ్ళీ ఫోను తీశాడు. "స్టోరా? ఆ కొత్త మూతలు ఇంకా ఎన్ని బస్తాలున్నాయి?" అవతలి మాట గది నిశ్శబ్దంలో ముగ్గురికీ వినపడింది. "పదకొండోది ఇవాళ పొద్దున విప్పాం సార్. అదే ఆఖరుది. చీటీ ఉంది గదా సార్, పదకొండుకు."

ఆయన లేచి బీరువాలోంచి ఫైలు తీశాడు. ఇరవయ్యో తేదీ కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. సగటు బాగుంది. తన రాతే. తన సంతకమే. బస్తాల గడిలో 11.

"ఇది నీ అంకేనా?"

వంగి చూసింది. తాను ఒకటి వేస్తే పైన చిన్న ముక్కు పెడుతుంది. మొదటి ఒకటికి ముక్కుంది. దాని పక్కన, గడి అంచుకు ఆనుకుని, ఇంకొక ఒకటి. దానికి ముక్కు లేదు. నిలువుగా ఒక్క గీత, అంతే.

"రెండోది నాది కాదు సార్."

"మరి ఈ కాగితం నీ బల్ల మీంచి స్టోరుకు ఎవరు పట్టుకెళ్ళారు?"

బస్సు వెళ్ళిపోతోందని తొందరలో, గుమ్మం దగ్గర ఎదురైన మనిషి చేతిలో పెట్టి, ఇది స్టోరులో ఇచ్చెయ్యి అని పరుగెత్తింది. ఎవరికిచ్చిందో గుర్తుచేసుకోనక్కర్లేదు. పక్క కుర్చీలో ఉన్నాడు. ఆయన సంతకానికి అంత ఆత్రపడింది తనను కాపాడాలనేననుకుంది ఇప్పటిదాకా.

ఆమె తల తిప్పింది. బావ కాగితం వైపు చూడటం లేదు. కొత్త విషయం విన్నవాడిలా లేడసలు. పెన్నుకు మెల్లగా మూత పెట్టి, జేబులో పెట్టబోయి, అది తనది కాదని గుర్తొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆ ఒకటి ఎందుకు పెట్టానో ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అమ్మాయ్" అన్నాడు, పెద్దసారు అక్కడ లేనట్టే. "మీ అక్క ముందు మాత్రం కాదు."